డీజిల్ మసి ఫిల్టర్ మూసుకుపోతోందా? సమస్య - కారణం - పరిష్కారం

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పటి నుంచి మన శ్రీకాకుళం, విజయనగరం షెడ్డులకు వచ్చే కొత్త డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టం దారిలో మసి ఫిల్టర్ ఉంటోంది. పికప్ తగ్గిందనో, డీజిల్ ఎక్కువ తాగుతోందనో, ఫిల్టర్ లైటు వెలిగిందనో వచ్చినవారికి ఫిల్టర్ పీకించేయమనే సలహా తరచుగా దొరుకుతుంది. అది చట్టవిరుద్ధమే కాదు, రోడ్డు పక్కన నడిచే పిల్లల ఊపిరితిత్తులకు చేటు కూడా. ఫిల్టర్ ముందుకూ వెనుకకూ మధ్య పొగ ఒత్తిడిలో ఉండే తేడానే ఇక్కడ ఒత్తిడి అంటున్నాను. అది ఎప్పుడు, ఎలా పెరిగిందో గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది. వీటి రూపకల్పన చదివే విద్యార్థులకూ, వీటితో రోజూ పనిపడే మెకానిక్కులకూ కలిపి ఇది రాస్తున్నాను.

ఫిల్టర్ లోపల తేనెపట్టులా సన్నని గొట్టాలు వేల కొద్దీ ఉంటాయి. ఒక గొట్టానికి ముందు చివర మూసి ఉంటే, పక్క గొట్టానికి వెనుక చివర మూసి ఉంటుంది. అందువల్ల పొగ బయటికి పోవాలంటే మిల్లీమీటరులో మూడో వంతు మందమున్న పింగాణీ గోడలోని రంధ్రాల గుండా పోవలసిందే. ఆ రంధ్రాలు సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి. మసిని పట్టేదీ, వాయువును అడ్డుకునేదీ ఆ గోడే.

మసి పట్టకముందే ఒత్తిడి ఎక్కువగా ఉంది

ఇది ప్రయోగశాలలో ఫిల్టర్ గోడకు ఉత్ప్రేరకం, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం, పూసేవారికి మొదట ఎదురయ్యే సమస్య. పూతకు వాడిన అల్యూమినా లేదా సీరియా-జిర్కోనియా అనే లోహ ఆక్సైడుల ముద్దలోని రేణువులు గోడ రంధ్రాల పరిమాణానికి దగ్గరగా ఉంటే అవి రంధ్రాల మెడ దగ్గరే ఇరుక్కుని, లోపల ఎంత ఖాళీ ఉన్నా దారి మూసేస్తాయి. రేణువులను రెండు మూడు మైక్రాన్లకు నూరాలి, మిగులు ముద్దను ఆరకముందే గాలితో ఊదేయాలి. ఆరబెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. ఒక చివర నుంచే ఆరితే తడి అటువైపు పాకుతూ రేణువులను మోసుకుపోయి అక్కడ గట్టి పొరగా పేరుస్తుంది కాబట్టి, వేడి గాలిని గొట్టాల గుండా సమంగా పంపాలి. ఎక్కువ పూత తప్పనిసరైతే 60 శాతానికి పైగా ఖాళీ ఉన్న గోడను ఎంచుకోవడమే మార్గం.

అలాగని రంధ్రాలను మరీ పెద్దవి చేస్తే, కొత్త ఫిల్టర్ కొంతకాలం మసిని వదిలేస్తుంది. గోడ మీద మసి పొర కట్టాక ఆ పొరే వడపోత పని చేస్తుంది. పొర కట్టేలోపు మసి గోడ లోపలికి దూరి రంధ్రాలను పూడ్చడం వల్లనే మొదట్లో ఒత్తిడి నిటారుగా లేచి, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. ఆ తొలి పెరుగుదల మరీ ఎక్కువైతే, పొగ వచ్చే వైపు గోడపై సన్నని రంధ్రాల పలుచని పొర వేయడం మంచి ఉపాయం.

లైటు మళ్లీ మళ్లీ వెలుగుతోంది

శ్రీకాకుళం ఊళ్లోంచి ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు రోజంతా తిరిగే వ్యానును తీసుకోండి. ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. మసి ఆక్సిజన్‌తో తనంతట తాను కాలాలంటే సుమారు 600 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఫిల్టర్ ముందున్న ప్లాటినం ఉత్ప్రేరకం పొగలోని నైట్రిక్ ఆక్సైడును నైట్రోజన్ డయాక్సైడుగా మారిస్తే, అది 250 నుంచి 400 డిగ్రీల మధ్యనే మసిని కాల్చగలదు. కానీ చిన్న ప్రయాణాల్లో పొగ ఆ వేడిని కూడా అందుకోదు. అప్పుడు ఇంజను అదనంగా డీజిల్ చల్లి ఫిల్టర్‌ను వేడి చేస్తుంది. ఆ పని సగంలో ఉండగా బండి ఆపేస్తే మసి మిగిలిపోతుంది, ఇలా పదే పదే జరిగితే కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, డీజిల్ వాసన వేస్తుంటే కారణం ఇదే.

వెంటనే ఆయిల్ మార్చాలి, తర్వాత బండిని జాతీయ రహదారి 16 మీద అరగంట సేపు నిలకడైన వేగంతో నడపాలి. అప్పటికీ లైటు పోకపోతే షెడ్డులో స్కానర్‌తో (బండి కంప్యూటరుకు తగిలించే పరికరంతో) మసి కాల్పించాలి. రూపకల్పన చేసేవారైతే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని ఇంజనుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. పొటాషియం వంటి ఉత్ప్రేరకాలు మసిని తక్కువ వేడిలోనే కాలుస్తాయి గానీ, వేడికీ తేమకూ అవి పూతలోంచి జారిపోతాయి. నా దృష్టిలో అవి దీర్ఘకాలం ఆధారపడదగినవి కావు.

మసి కాల్చినా ఒత్తిడి దిగడం లేదు

ఇది మసి కాదు, బూడిద. ఇంజన్ ఆయిల్లోని కాల్షియం, జింక్, ఫాస్ఫరస్ నుంచి పుట్టే ఈ బూడిద ఎంత వేడి చేసినా కాలదు, గొట్టాల చివర్లలో పేరుకుంటుంది. ఫిల్టర్ విప్పి తూచి, కొత్తప్పటి బరువుతో పోల్చాలి. మన తీరప్రాంతపు తేమను పూత పీల్చుకుని తూకాన్ని తప్పిస్తుంది కనుక, ఫిల్టర్‌ను 100 డిగ్రీలు దాటించి వేడి మీదనే తూచాలి. తర్వాత మూసిన గదిలో వెనుక నుంచి ముందుకు గాలి ఊది బూడిదను రాల్చాలి. వాటర్ గన్‌తో కడిగితే పూత ఊడిపోయే ప్రమాదం ఉంది. ఇకపై తక్కువ బూడిద ఆయిల్, లారీలకైతే డబ్బా మీద ఏపీఐ సీకే-4 అనే ప్రమాణం రాసి ఉన్న రకం, వాడాలి. పొగ వచ్చే గొట్టాలను వెడల్పుగా, పోయే గొట్టాలను సన్నగా చేసిన ఫిల్టర్లలో బూడిదకు ఎక్కువ చోటు దొరుకుతుంది.

ఇంత పని పెట్టుకునే ముందు, ఒత్తిడి సెన్సర్‌కు వెళ్లే రెండు రబ్బరు పైపులను ఒకసారి చూడండి. అవి చిట్లినా, పూడుకుపోయినా సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది.

ఒత్తిడి తక్కువగా ఉంది, గొట్టం చివర నల్లగా మసి

సెన్సర్ సరిగానే ఉంటే ఫిల్టర్ పగిలిందని అర్థం. మసి బాగా నిండిన లారీ సాలూరు దాటి ఘాటు ఎక్కుతూ వేడెక్కుతుంది. మసి అంటుకున్న సమయంలో డ్రైవరు ఒక్కసారిగా ఆపి ఇంజను స్లోలో వదిలేస్తే, వేడిని మోసుకుపోయే పొగ తగ్గి, పొగలో ఆక్సిజన్ పెరిగి, ఆ మంట అదుపు తప్పి పింగాణీని పగలగొడుతుంది, ఒక్కోసారి కరిగిస్తుంది కూడా. పగిలిన ఫిల్టర్‌ను అతికించడం కుదరదు, మార్చవలసిందే. కొత్తది వేసేటప్పుడు, బరువైన పనికి కార్డియరైట్ అనే పింగాణీ కన్నా వేడిని బాగా పంచుకునే సిలికాన్ కార్బైడును ఎంచుకోవడం మేలు. మసి కాలుతున్నంత సేపూ బండి ఆపవద్దని డ్రైవర్లకు చెప్పి పంపాలి.