కొండ దిగితే కాలిన వాసన, సెరామిక్ వేస్తే కీచుమని సౌండు: ఏది దేనివల్ల

మా బావ దగ్గర బీఎండబ్ల్యూ ఎమ్ 4 కాంపిటిషన్ కారు ఉంది. పోయినేడు దానికి బ్రేకుల ఇనుప డిస్కులు తీసేసి కార్బన్ సెరామిక్ వేయించినాడు, పని చెన్నైలో చేయించినాం, తర్వాత ఆర్నెల్లు ఏదో ఒక కంప్లైంటుతో మా ఇంటి ముందుకే వచ్చేవాడు. తిరుపతి చుట్టుపక్కల ఇంకెవరైనా ఈ పని పెట్టుకుంటే పనికొస్తాదని రాస్తన్నా.

సమస్య: తిరుమల దిగి అలిపిరికి వచ్చేసరికి పెడల్ మెత్తగా లోపలికి పోతాంది, చక్రాల దగ్గర కాలిన వాసన.

బావకి సెరామిక్ పిచ్చి పట్టింది ఇక్కడే. కానీ తప్పు డిస్కుది కాదు, బ్రేక్ ఫ్లూయిడ్ ది. మూడేళ్లుగా మార్చలేదు. అది గాల్లో తేమ పీల్చుకుంటాది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినాక లెక్క 155కి పడిపోతాది. మరిగితే లోపల బుడగలు, బుడగల్ని తొక్కితే నలుగుతాయి తప్ప బ్రేకు పడదు, అందుకే బండి కాసేపు పక్కన ఆపితే చల్లారి పెడల్ మళ్లీ గట్టిపడతాది, మనోళ్లు ‘సరిపోయింది లే’ అని వెళ్లిపోతారు.

పరిష్కారం: ఫ్లూయిడ్ మొత్తం మార్చి గాలి తీయించండి, రెండేళ్లకోసారి, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే. దిగేటప్పుడు గేరు మాన్యువల్ లో పెట్టి రెండో గేర్లో రండి, బ్రేకు మీద కాలు ఆనించే ఉంచకుండా నొక్కి వదలండి. సెరామిక్ వేసినా కాలిపర్లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) ఉండేది ఇదే ఫ్లూయిడ్, పాతదైతే అదీ మరుగుతాది. ఒక లెక్క చెప్తా చూడండి, దిగుడు సుమారు 700 మీటర్లు, మనుషులతో కలిపి బండి 1900 కిలోలు అనుకుంటే బ్రేకుల మీద పడేది 13 మెగాజౌళ్లు. 200 స్పీడు నుంచి ఒక్కసారి ఆపితేనే దాదాపు 3. అంటే కొండంతా దిగడం అట్లాంటి నాలుగైదు బ్రేకులతో సమానం, అదీ 40 నిమిషాల లోపల దిగకూడదనే రూలు ఉన్న రోడ్డు మీద. బాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ కి కూడా ఇనుము చాలబ్బా.

ఇదంతా చెప్పినా వేయించినాడనుకోండి. డిస్కు బరువు ఇనుముతో పోలిస్తే దాదాపు సగం, తుప్పు పట్టదు, వీల్స్ మీద నల్ల దుమ్ము తక్కువ, ఇవన్నీ నిజమే. కానీ ఆయనకి కావాల్సింది ఆ బంగారు రంగు కాలిపర్లు.

సమస్య: వేయించిన వారానికి ముందు ఎడమ చక్రంలో టక్ టక్ టక్, స్పీడు పెరిగితే ఇంకా గబగబా.

బేరింగ్ పోయిందని ఒకరు, డిస్కు పగిలిందని ఇంకొకరు. బావకి ఆ రాత్రి నిద్ర లేదు. వీల్ తీసి లోపల టార్చి వేసి చూస్తే, బ్యాలెన్సింగ్ కి రిమ్ లోపల అతికించే బరువులు ఉంటాయి కదా, వాటిలో ఒకటి అంచు అరిగి మెరుస్తాంది. ముందు డిస్కు 380 మిల్లీమీటర్ల నుంచి 400కి పోయింది, కాలిపర్ ఆ మేరకు బయటికి వచ్చింది, ఆ బరువుకి తగులుతాంది. బరువులు పీకి పల్చటివి వేరే వరసలో అతికించి మళ్లీ బ్యాలెన్స్ చేయిస్తే సౌండు పోయింది. వేయించక ముందే రిమ్ లోపల ఖాళీ కొలిపించుకోండి, బయటి కంపెనీ అలాయ్స్ అయితే మరీ.

సమస్య: పొద్దున్నే మొదటి రెండు బ్రేకులు పట్టవు, కీచుమని సౌండు.

చల్లగా ఉన్నప్పుడు, తేమ ఉన్నప్పుడు కొంచెం సౌండు వీటి గుణం. రోజంతా అరుస్తాంటే బెడ్డింగ్ సరిగ్గా కాలేదని అర్థం, అంటే ప్యాడ్ పదార్థం పల్చగా డిస్కుకి పట్టలేదు. తెల్లారుజామున నాయుడుపేట రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 100 నుంచి 40కి ఒక పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేకు తొక్కకుండా పది కిలోమీటర్లు చల్లార్చండి. ప్యాడ్ తయారుచేసినవాళ్లు వేరే పద్ధతి చెప్తే అదే చేయండి. పాత ఇనుప డిస్కుల ప్యాడ్లే వేసేసినారేమో కూడా చూడండి, డబ్బు మిగిల్చినట్టు చేసి డిస్కు నాశనం చేస్తారు.

వానలోనో వాటర్ వాష్ తర్వాతో మొదటి బ్రేకు లేటుగా పడితే భయపడొద్దు, డిస్కు మీద నీటి పొర. నవంబర్ వానల్లో మధ్యమధ్యలో మెల్లగా తొక్కి ఆరబెట్టుకుంటా పోవాలి. డాష్ మీద లైటు వెలిగితే ఏబీఎస్ కోడింగ్ (బ్రేకుల కంప్యూటర్ సెట్టింగు) మార్చలేదో, ప్యాడ్ సెన్సర్ వైరు సరిగ్గా పెట్టలేదో, స్కానర్ పెట్టి చూపించండి.

సమస్య: డిస్కు అంచున పెచ్చు లేచింది.

ఇది పంక్చర్ షాపులో జరుగుతాది. అబ్బాయి వీల్ బోల్టులు తీసి గుంజుతాడు, రిమ్ జారి డిస్కు అంచుకి తగులుతాది. ఇనుమైతే గీత పడేది, ఇది సెరామిక్, పెచ్చు లేస్తాది, డిస్కు ధర లక్షల్లో. బోల్టు రంధ్రాల్లో పొడుగు గైడ్ పిన్నులు రెండు పెట్టి వాటి మీదుగా రిమ్ ని జరపాలి. ఆ రెండు పిన్నులు ఇప్పుడు డిక్కీలో ఉంటాయి, షాపులో బావే దగ్గరుండి పెట్టిస్తాడు. పెచ్చు లేస్తే సైజు కొలిచి కంపెనీ పరిమితితో పోల్చాలి, పగులు లోపలికి పోయి ఉంటే బండి తీయొద్దు.

అరుగుదల చూడటానికి మెకానిక్ ఒట్టి వెర్నియర్ తెచ్చి మందం కొలిచి ‘బాగుంది సార్’ అంటే నమ్మొద్దు. వేడికి లోపలి కార్బన్ మెల్లగా కాలిపోతాది, మందం పెద్దగా తగ్గదు, బరువు తగ్గుతాది. కనీస బరువు డిస్కు మధ్య భాగంలో రాసి ఉంటాది చూడండి, డిస్కు విప్పి తూకం వేస్తే తెలుస్తాది.

చివరిది మా ఊరి స్పెషల్. కాణిపాకంలో వాహన పూజ చేయించినాక బావకి మళ్లీ కీచు మొదలైంది. చూస్తే స్పోకుల సందులోంచి డిస్కు మీద పసుపు ముద్ద, పైన కొబ్బరినీళ్లు, ఇంటికొచ్చినాక ఎవరో టైర్ పాలిష్ కూడా కొట్టినారు. డిస్కుని బ్రేక్ క్లీనర్ తో తుడిచి ఆరబెట్టి, నూనె పట్టిన ప్యాడ్లు మార్చినాం. పోయిన నెల మళ్లీ పూజకి పోయినప్పుడు అయ్యవారికి చెప్పి బొట్టు బానెట్ మీద పెట్టించినాడు.