ఎల్క్ వేటకు బ్యాక్‌ప్యాక్ కొనేముందు జాగ్రత్తలు

అమెరికాలోని కొలరాడో కొండల్లో ఐదారు రోజుల ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్లేవారు గుడారం, స్లీపింగ్ బ్యాగు, ఆహారం, చలిదుస్తులు అన్నీ ఒకచోట పరచి చూసుకున్న తర్వాతే బ్యాగు పరిమాణం నిర్ణయించుకోవాలి. సాధారణంగా 80 నుంచి 100 లీటర్లది సరిపోతుంది. అయితే లీటర్ల కంటే బ్యాగుకు ఆధారంగా ఉండే గట్టి చట్రం, అంటే ఫ్రేమే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే ఎదిగిన మగ ఎల్క్ దొరికితే ఎముకలు తీసిన మాంసమే 80 కిలోలు దాటవచ్చు, దాన్ని పలు విడతలుగా వీపున మోయాలి. బ్యాగుకూ ఫ్రేముకూ నడుమ మాంసం బిగించే వీలుందో లేదో పట్టీలు వదులు చేసి స్వయంగా చూడాలి; అలా కడితే బరువు వీపును అంటిపెట్టుకుని ఉంటుంది, నెత్తురు సామానుకు అంటదు. వీపు పొడవు కొలిపించుకోవడం మరువరాదు. దుకాణంలోనే 20 కిలోల బరువు పెట్టించుకుని కాసేపు నడవాలి. నడుము పట్టీ తుంటి ఎముకలపై నిలవక జారుతుంటే, ఎంత చవకైనా ఆ బ్యాగు తీసుకోవద్దు.