నలుగురం కలిసి మన హైస్కూలు మీద వికీపీడియాలో రాయాలంటే

"మన బడికి వికీపీడియాలో పేజీ లేదేంట్రా?" అని వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు అంటాడు, ఆదివారానికి నలుగురు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని చేరతారు, సోమవారానికి గొడవ. చెన్నైలో పానగల్ పార్కు దగ్గర ఒకరింట్లో కూర్చుని మా తెలుగు మీడియం హైస్కూలు గురించి రాసినప్పుడు మాకు అచ్చం ఇదే జరిగింది.

రాయడం తర్వాత, ముందు మూలాలు వెతకండి. బడి తన గురించి తాను చెప్పుకున్నది చాలదు, బడితో సంబంధం లేనివాళ్లు పేపర్లోనో పుస్తకంలోనో కాస్త వివరంగా రాసి ఉండాలి. హైస్కూలైతే చాలు పేజీ ఉండొచ్చనే వాదన ఇంగ్లీషు వికీపీడియాలో 2017 చర్చతోనే పోయింది. చెన్నైలో ఉన్నవాళ్లకు ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896లో తెరిచింది, దేశంలో అచ్చయ్యే పుస్తకాలు ఒక్కో కాపీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. ఒక పూట అక్కడ కూర్చోండి.

ఖాతా ఎవరిది వాళ్లదే. ఒక ఖాతా తెరిచి పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టడం కుదరదు, పైగా అందరూ ఒకే వైఫై మీద వరసగా ఖాతాలు తెరుస్తుంటే కొన్ని అయ్యాక వికీపీడియా ఆపేస్తుంది, కాబట్టి ముందురోజే ఎవరింట్లో వాళ్లు తెరుచుకోండి. ఈ బడిలోనే చదివామని చర్చా పేజీలో, అంటే వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దాని వెనకే ఉండే పేజీలో, చెప్పేయండి.

పేజీ మొత్తం తెరిచి దిద్దకండి, ఎవరి విభాగం వాళ్లు తెరవండి. మేం ముగ్గురం ఒకే పేరా మీద పడ్డాం, నేను ప్రచురించు నొక్కేసరికి దిద్దుబాటు ఘర్షణ అని, అంటే ఈలోపే ఇంకొకరు మార్చేశారని, వచ్చింది, టెన్షన్‌లో ఏదో నొక్కేశా, ఇంకొకడు అరగంట కూర్చుని రాసింది ఎగిరిపోయింది. పేజీ చరిత్రలో పాత కూర్పు ఉంటుందని తెలిసేదాకా వాడు నాతో మాట్లాడలేదు.

అసలు గొడవ మాత్రం స్థాపించిన సంవత్సరం దగ్గర. మెట్ల పక్కన శిలాఫలకం మీద ఒకటుంది, సున్నం మీద సున్నం వేసి చివరి అంకె సగం పూడిపోయింది. సావనీర్‌లో ఇంకొకటి. ఒకడు మారుస్తాడు, ఇంకొకడు వెనక్కి తిప్పుతాడు. ఇంగ్లీషు వికీలో అయితే 24 గంటల్లో మూడుసార్లు దాటి తిప్పితే నిరోధం పడొచ్చు, అంటే దిద్దనివ్వరు. ఇలాంటప్పుడు చర్చా పేజీకి వెళ్లి, ఎవరి మూలం వాళ్లు చూపించి, చివర నాలుగు టిల్డెలు (~~~~) పెట్టి సంతకం చేయండి. మా విషయంలో తేలిందేంటంటే ఒకటి ప్రైమరీ మొదలైన ఏడాది, రెండోది హైస్కూలుగా గుర్తింపు వచ్చిన ఏడాది. రెండూ రాశాం, దేని మూలం దానికి ఇచ్చాం.

"ప్రతిష్ఠాత్మక", "ఎందరో మేధావులను తీర్చిదిద్దిన" లాంటివి కొట్టేయండి. బడి వెబ్‌సైటులోంచి కాపీ కొడితే కాపీరైట్ కింద తీసేస్తారు. పూర్వ విద్యార్థుల్లో మూలం ఉన్న పేర్లే పెట్టండి, మీ బావమరిది పేరు వద్దు. ఫోటో మీరే తీసి, వికీపీడియా బొమ్మలుండే కామన్స్ సైటులో ఎక్కించండి, పిల్లలు లేని ఆదివారం తీస్తే మేలు.

అయ్యాక నక్షత్రం గుర్తు నొక్కి పేజీని వీక్షణ జాబితాలో చేర్చుకోండి. వేసవి సెలవుల్లో ఎవడో వచ్చి లెక్కల మాస్టారి పక్కన నిక్‌నేమ్ చేరుస్తాడు. రద్దుచేసేయండి. మా పేజీలో పెట్టింది మా బ్యాచ్ పెట్టిన పేరే, నవ్వుకుంటూనే తీసేశా.