జావా వెర్షన్ పెంచాక బిల్లు లెక్కలు ఆగిపోతే

గుంటూరు మిర్చి యార్డు కమిషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తరుగు, కమిషన్, హమాలీ లెక్కల్ని చిన్న జావాస్క్రిప్ట్ ఫార్ములాలుగా పెట్టుకుంటే సుఖం. లెక్క మారినప్పుడల్లా కొత్త జార్ (ప్రోగ్రామ్ ప్యాకేజీ ఫైలు) ఇవ్వక్కర్లేదు. చిక్కల్లా సర్వర్‌లో జావా మార్చిన రోజున వస్తుంది.

సమస్య: నిన్నటిదాకా నడిచిన బిల్లు ఇవాళ నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఇస్తోంది.

కారణం: ఫార్ములాలో వెతక్కండి. జావా 8తో వచ్చిన, జావాస్క్రిప్ట్‌ను నడిపే నాషోర్న్ ఇంజిన్‌ను జావా 15లో తీసేశారు. ఇంజిన్ దొరక్కపోతే స్క్రిప్ట్ ఇంజిన్ మేనేజర్ ఎర్రర్ చూపదు, చడీచప్పుడూ లేకుండా నల్ (అంటే ఖాళీ) చేతిలో పెడుతుంది. ఫార్ములాను నడిపే తర్వాతి లైన్లో గానీ అది బయటపడదు.

పరిష్కారం: జావా 11, ఆపైన వాడేవాళ్లకు నాషోర్న్ కోర్ మేవెన్‌లో (జావా లైబ్రరీలు దొరికే చోట) విడి లైబ్రరీగా ఉంది. దాన్ని కలపండి, పాత ఇంజిన్ పేరే పనిచేస్తుంది. కోడ్‌లో నాషోర్న్ క్లాసుల్ని నేరుగా ఇంపోర్ట్ చేసి ఉంటే మాత్రం ప్యాకేజీ పేరు మార్చుకోవాలి. ఎడిటర్‌లో నడిచి, అన్నీ కలిపి కట్టిన జార్‌లో మళ్లీ నల్ వస్తోందా? మెటా-ఇన్ఫ్ కింది, ఇంజిన్ పేరు నమోదయ్యే సర్వీసెస్ ఫోల్డర్ చూడండి. జార్ కట్టేటప్పుడు ఒక లైబ్రరీ ఫైలు మీద ఇంకోదాని ఫైలు పడి ఉంటుంది. జార్ కట్టే షేడ్ ప్లగిన్‌లో సర్వీస్ ఫైళ్లను కలిపే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

సమస్య: ఒక టిక్కీకి (మిర్చి బస్తాకి) బిల్లు వస్తుంది, పక్క టిక్కీకి క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్.

కాటాలో 42.5 కిలోలు తూగితే జవాబు డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) వస్తుంది. సరిగ్గా 42 తూగితే అదే ఫార్ములా ఇంటీజర్ (పూర్ణాంకం) ఇవ్వచ్చు. మీ కోడ్ వచ్చింది డబుల్ రకమే అనుకుని కాస్ట్ చేస్తే పడిపోతుంది. నంబర్‌కు కాస్ట్ చేసి, దాని డబుల్‌వాల్యూ తీసుకోండి. పైసల్ని రౌండ్ చేసే పని మాత్రం జావా వైపు బిగ్‌డెసిమల్‌కే వదిలేయండి, రైతుతో రూపాయి తేడా వాదన ఎవరికి కావాలి!

సమస్య: సీజన్ రద్దీలో ఒకరి బిల్లులో ఇంకొకరి బరువు.

ఒకే ఇంజిన్‌ను అన్ని థ్రెడ్లూ (ఒకేసారి నడిచే పనులు) పంచుకుంటున్నాయి. థ్రెడ్‌కో ఇంజిన్ ఇవ్వండి. గ్రాల్ జావాస్క్రిప్ట్ అనే మరో ఇంజిన్ అయితే ఒకే కాంటెక్స్ట్‌లోకి రెండు థ్రెడ్లు ఒకేసారి వస్తే ఎక్సెప్షన్‌తో ఆపేస్తుంది. నాకదే నయం అనిపిస్తుంది. కాకపోతే మామూలు జేడీకే (జావా కిట్) మీద ఇంటర్‌ప్రిటర్‌లో నడిస్తే అది నెమ్మది. పాత ఫార్ములాలకు నాషోర్న్ చాలు.