పాత మస్టాంగ్ ఫ్యూయల్ సెండర్‌కు మల్టీమీటర్ పెట్టే ముందు

చలికాలమంతా షెడ్డులో ఉన్న 1965–68 ఫోర్డ్ మస్టాంగ్‌ను బయటికి తీస్తున్నారా? ట్యాంకు నింపినా పెట్రోలు గేజీ ముల్లు కదలకపోతే, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో గేజీకి తెలిపే సెండర్‌ను కొలిచేముందు ఇవి చూసుకోండి.

• ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కారు కిందే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

• సెండర్ విప్పేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి. ఈ కారులో అది పైన కాదు, ట్యాంకు ముందు గోడకు ఉంటుంది. సెండర్‌ను పట్టి ఉంచే రింగు తిరగగానే పెట్రోలు మొహం మీదే. రింగును కొట్టడానికి ఇత్తడి కడ్డీ వాడండి, స్టీలు వద్దు.

• సెండర్ వైరు ఊడదీసి కొలవండి. లేకపోతే గేజీ రెసిస్టెన్స్ కూడా కలిసి అంకె తప్పొస్తుంది.

• మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల (రెసిస్టెన్స్ కొలత) రేంజిలో పెట్టండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనించినప్పుడు వచ్చే అంకెను తీసివేయండి.

• ఖాళీకి సుమారు 73, నిండుకు 10 ఓమ్‌లు. 1965 తర్వాతి పాత షెవర్లేల లెక్క తలకిందులు (ఖాళీకి 0, నిండుకు 90), ఆ పట్టిక పట్టుకుని మంచి సెండర్‌ను పారేయకండి.

• ఎర్ర ప్రోబ్ సెండర్ వైరు తగిలించే చోట ఉంచి, నల్ల ప్రోబ్ ఒకసారి సెండర్ ఒంటికి, ఒకసారి చాసిస్‌కు. రెండోసారి ఎక్కువొస్తే తప్పు ఎర్త్‌ది.

• ఫ్లోటు (పెట్రోలుపై తేలే బుడ్డ) ఉన్న కడ్డీని మెల్లగా ఎత్తండి. అంకె మధ్యలో ఎగిరినా, ఓ.ఎల్. (రేంజి దాటిందని గుర్తు) చూపినా లోపలి తీగ అరిగినట్టే. ఇత్తడి ఫ్లోటును ఊపితే గలగలమందా, చిల్లు పడింది.