పాత కాలి కుట్టు మిషన్‌ను మళ్లీ రోజూ వాడుకోవడం ఎలా?

చాలా ఇళ్లల్లో కాలి మిషన్ ఇప్పుడు టేబుల్ డ్యూటీ చేస్తోంది. దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట, పాత క్యాలెండర్లు, చార్జర్లు. కింద తొక్కే పలక మీద చెప్పులు. అమ్మేద్దామంటే పాత ఇనుము ధర తప్ప రాదు, ఉంచుదామంటే చోటు దండగ అంటారు. అదే ఇంట్లో జాకెట్టు వదులు చేయించుకోవడానికి టైలర్ చుట్టూ వారం తిరుగుతారు!

ఈ మిషన్లు అంత తేలిగ్గా పాడయ్యేవి కావు. పోత ఇనుముతో చేసిన తల, లోపలంతా ఉక్కు కడ్డీలు, కరెంటు అక్కర్లేదు. యంత్రాలంటే పెద్దగా గిట్టని గాంధీ కూడా 1924లో సింగర్ కుట్టు మిషన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే ఉషా, సింగర్ తరహా నల్ల మిషన్ల లోపలి అమరిక దాదాపు ఒకటే. బాబిన్లు (కింది దారం చుట్టే చిన్న రీళ్లు), సూదులు, బెల్టులు ఇప్పటికీ టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి.

మిషన్ కుట్టడం లేదనగానే అందరి చెయ్యీ ముందు పైదారం బిగువును సరిచేసే టెన్షన్ మర మీదకే పోతుంది. దాన్ని చివరిదాకా ముట్టుకోకండి. నా లెక్కలో తప్పు సాధారణంగా మురికిలోనో, సూదిలోనో, దారం ఎక్కించిన దారిలోనో ఉంటుంది.

ముందు చక్రం తిప్పి చూడండి

బెల్టు తీసేసి, సూదికి దారం లేకుండా, ఫుట్ (సూది దగ్గర బట్టను నొక్కి పట్టే ఇనుప పాదం) పైకెత్తి, కుడి పక్కనున్న చేతి చక్రాన్ని మీ వైపుకు తిప్పండి. కుట్టేటప్పుడు ఎప్పుడూ మీ వైపుకే. సాఫీగా తిరిగితే సగం పని అయినట్టే. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి. ఎండి గడ్డకట్టిన పాత నూనె కావచ్చు, చక్రం వెనక ఇరుసుకు చుట్టుకున్న దారం కావచ్చు, షటిల్‌లో (సూది కింద ఆడుతూ కింది దారాన్ని పైదారంతో కలిపే భాగం) ఇరుక్కున్న పోగు కావచ్చు. చక్రం వెనక టార్చి వేసి చూస్తే ఏళ్ల కిందటి దారం కనబడటం మామూలే. చిన్న కత్తెర, పట్టకారుతో లాగేయండి.

శుభ్రం చేయడం, నూనె వేయడం

ఎక్కువ టైం పట్టేది ఇక్కడే. ఒక మధ్యాహ్నం కేటాయించుకోండి.

మిషన్ తలను వెనక్కి వాల్చాలి. వాల్చేముందు వెనక వైపు రెండు కీళ్ల దగ్గరున్న మరలు బిగువుగా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. అవి వదులైతే పది కిలోలకు పైగా ఉన్న ఇనుము కాళ్ల మీద పడుతుంది.

వాల్చాక కింద కనిపించే కడ్డీల కీళ్లన్నిటి మీదా దుమ్ము, నూనె కలిసి గోధుమరంగు జిగురులా పేరుకుని ఉంటుంది. మన ఇళ్లల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది: కొబ్బరి నూనె. మిషన్ నూనె అయిపోయినప్పుడల్లా చేతికందిన కొబ్బరి నూనెనో, వంటనూనెనో రెండు చుక్కలు వేసేస్తారు. ఆ పూటకు మిషన్ మెత్తగా తిరుగుతుంది. కొన్ని నెలలకు అదే ఎండి బంకలా పట్టేస్తుంది. దాన్ని కరిగించడానికి కిరసనాయిలు మంచిది. దూదితోనో, పాత బ్రష్‌తోనో కీళ్లకు రాసి, కాసేపాగి, చక్రం మెల్లగా అటూ ఇటూ కదపండి. నల్లగా కారేదాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ రాయండి. దగ్గర్లో దీపం, స్టవ్వు లేకుండా చూసుకుని, కిటికీలు తెరిచి చేయండి. కిరసనాయిలు దొరకకపోతే మిషన్ నూనెనే ధారాళంగా వేసి ఒక రాత్రి వదిలేయండి. ఆలస్యమైనా పని అవుతుంది.

తల మీద బంగారు రంగు పూలు, అక్షరాలు ఉంటాయి కదా, వాటిని మాత్రం థిన్నర్‌తో, స్పిరిట్‌తో తుడవకండి. అవి ఊడివస్తే మళ్లీ వేయించడం మన వల్ల కాదు. మెత్తటి గుడ్డకు ఒక చుక్క మిషన్ నూనె చాలు.

కిరసనాయిలు మురికిని వదిలిస్తుందే గాని అరుగుదలను ఆపదు. అది ఆరాక మిషన్ నూనె తప్పనిసరిగా వేయాలి. పైన ఉన్న చిన్న రంధ్రాలన్నీ నూనెకోసమే. ఎడమ పక్క మూత మర విప్పితే సూది కడ్డీ కనబడుతుంది, అక్కడ ఒకటి రెండు చుక్కలు. కింద కదిలే ప్రతి కీలుకూ ఒక్కో చుక్క. స్టాండులో తొక్కే పలక అటూ ఇటూ ఊగే చోట, పెద్ద చక్రం ఇరుసు దగ్గర కూడా వేయండి. అందరూ మర్చిపోయేది ఇవే. కిర్రుకిర్రు మనే మిషన్లలో చాలా వాటి చప్పుడు తలలోంచి కాదు, స్టాండులోంచే వస్తుంది.

ఇక షటిల్. బాబిన్ ఉండే చిన్న డబ్బాను, అంటే బాబిన్ కేసును తీశాక దాని వెనక రెండు పక్కలా చిన్న పిడులుంటాయి. వాటిని పక్కకు తిప్పితే గుండ్రటి రింగు, దాని వెనక నెలవంకలా ఉన్న షటిల్ చేతికొస్తాయి. ఏ ముక్క ఎటు తిరిగి ఉందో విప్పుతూ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. లోపల పేరుకున్న నూగు తీసి, షటిల్ తిరిగే గాడిలో ఒకే ఒక్క చుక్క నూనె వేసి మళ్లీ బిగించండి. సూది కింద బట్టను ముందుకు తోసే పళ్ల మధ్య కూడా దుమ్ము అట్టకట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి.

బెల్టు మార్చడం

తోలు బెల్టు ఎండి పగుళ్లిస్తే కొత్తది కొనండి. ఆరడుగుల పొడవున, ఒక ఇనుప క్లిప్పుతో సహా అమ్ముతారు. బెల్టును బల్లలోని రంధ్రాల్లోంచి, పెద్ద చక్రం చుట్టూ, చేతి చక్రం గాడిలోంచి తెచ్చి కొసలు కలిపి చూసుకోండి. జారిపోకుండా ఉండేంత బిగువు చాలు. మరీ లాగి బిగిస్తే తొక్కలేక మోకాళ్లు నొప్పులు పుడతాయి. మిగిలిన ముక్క కత్తిరించి, కొసల్లో మేకుతో రంధ్రం చేసి, క్లిప్పు దూర్చి పట్టకారుతో నొక్కేయండి. కొత్త తోలు వాడకంలో సాగుతుంది. కొన్నాళ్లకు ఓ అర అంగుళం కోసి మళ్లీ బిగించాల్సి వస్తుంది.

దారం లేకుండా తొక్కడం నేర్చుకోండి

చేతి చక్రం మధ్యలో ఉన్న చిన్న చక్రాన్ని వదులు చేస్తే, చక్రం తిరుగుతుంది కానీ సూది కదలదు. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు కూడా ఇలాగే వదులు చేయాలి. (ఆ చిన్న చక్రాన్ని పూర్తిగా విప్పి మళ్లీ పెట్టాక బిగుసుకోకపోతే కంగారు పడకండి. లోపలి వాషర్ తిరగబడి ఉంటుంది. దాన్ని అరచుట్టు తిప్పి పెట్టండి.)

ఒక పాదం కాస్త ముందుకు, ఇంకొకటి వెనక్కి పెట్టండి. చేత్తో చక్రాన్ని మీ వైపుకు కదిపి, ఆ ఊపును పాదాలతో అందుకోండి. మొదట్లో చక్రం వెనక్కి తిరుగుతుంది. దారం ఎక్కించాక ఇలా జరిగితే దారం తెగుతుంది, అందుకే ముందుగా ఈ ప్రాక్టీస్. ఆపి, మళ్లీ మొదలెట్టినా వెనక్కి పోకుండా తిరిగే దాకా దారం జోలికి పోకండి.

సూది, దారం

పాత సూదిని పారేయండి, కొత్తగా కనిపించినా సరే. మామూలు నూలు బట్టకు 14 నంబరు, పల్చటి వాటికి 11, మందపాటి వాటికి 16, జీన్స్‌కు 18. సూది పైభాగం ఒక పక్క చదునుగా ఉంటుంది. రెండో పక్క పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎక్కించేది ఎప్పుడూ గాడి ఉన్న పక్క నుంచే. సూదికి సరిగ్గా పైనున్న ఆఖరి దారం కొక్కెం ఎటు పక్క ఉందో చూసి, గాడి అటు వచ్చేలా, సూదిని పైకి తగిలేదాకా తోసి మర బిగించండి. సూది తిరగబడినా, కాస్త కిందికి ఉన్నా మిషన్ కుట్లు వదిలేస్తుంది.

పైదారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకెత్తి ఉంచాలి. అప్పుడే టెన్షన్ బిళ్లలు విడిపోయి దారం వాటి మధ్యకు దిగుతుంది. ఫుట్ దించి ఎక్కిస్తే దారం బిళ్లల అంచునే ఉండిపోతుంది, అడుగున గుత్తులు గుత్తులుగా దారం వస్తుంది.

బాబిన్‌ను కేసులో పెట్టినప్పుడు దారం చీలికలోకి వెనక్కి మళ్లినట్టు వంపు తిరిగి వెళ్లాలి. తర్వాత దారం కొస పట్టుకుని కేసును గాల్లో వేలాడదీయండి. దానంతటది జారకూడదు. చిన్న కుదుపు ఇస్తే కొంచెం దిగి ఆగాలి. మిషన్‌లో పెట్టేటప్పుడు టిక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే అది సరిగా కూర్చోలేదు, సూది విరగడం ఖాయం.

పరీక్ష కుట్టు

పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేసి, రెండు మడతల నూలు గుడ్డ మీద కుట్టండి. మొదటి రెండు మూడు కుట్లకు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. అడుగున ఎర్ర ఉచ్చులు కనబడితే ముందు పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. అప్పటికీ పోకపోతేనే టెన్షన్ మరను కాస్త బిగించాలి. తెల్ల దారం పైకి తేలితే కాస్త వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ కుట్టి చూడండి. బాబిన్ కేసు మీదున్న బుల్లి మరను కదపాల్సిన అవసరం చాలా అరుదు.

రోజూ వాడుతుంటే

రోజూ కాసేపు కుట్టేవాళ్లు వారానికోసారి నూగు తీసి నూనె వేస్తే సరిపోతుంది. నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద కొన్ని వరసలు కుట్టండి, లేకపోతే పట్టుచీర అంచు మీద మరక పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో వానాకాలం తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి నూలు గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ కవరు లోపలి తేమను పోనివ్వదు. చిన్నపిల్లలున్న ఇంట్లో పని అయిపోగానే బెల్టును పెద్ద చక్రం మీంచి జరిపేయండి. తొక్కే పలక ఎక్కి ఊగడం వాళ్లకు సరదా, చక్రం దగ్గర వేళ్లు నలుగుతాయి.

ఈ మిషన్ సూటి కుట్టు ఒక్కటే వేస్తుంది. దిండు గలీబులు, పరికిణీలు, జాకెట్టు పక్క కుట్లు, ప్యాంటు కింద మడతలు, పాత చీరల బొంతలు దీనికి కొట్టిన పిండి. టీషర్టులాంటి సాగే బట్ట మీద మాత్రం కుట్టు తెగిపోతుంది, దానికి జిగ్‌జాగ్ మిషన్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడమే మంచిది.

మోటారు పెట్టించుకోమని షాపులవాళ్లు చెబుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రోజంతా కుట్టేవాళ్లకు అది ఉపయోగమే. ఇంటి పనికైతే నేను వద్దనే అంటాను. కాలితో అయితే ఒక్కో కుట్టూ వేసుకుంటూ మూల దగ్గర ఆపొచ్చు, కొత్తవాళ్లకు మోటారుతో అది చేతకాదు. పెట్టించుకున్నా పాత బెల్టు, పలక పారేయకండి. కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి.