తాళం వేసిన ఇల్లు, తడి వాకిలి

దయ్యం కథ రాయాలన్నా, షార్ట్ ఫిల్మ్ తీయాలన్నా చాలామంది మొదట పాడుబడ్డ గడీ కోసం వెతుకుతారు. సగం పని అక్కడే చెడుతుంది. బూజు, గబ్బిలాలు, విరిగిన తలుపు కనబడగానే చూసేవాడు కాచుకుని కూర్చుంటాడు. అట్లా కూర్చున్నవాణ్ని ఉలిక్కిపడేలా చేయొచ్చేమో గాని, గుబులు పుట్టించలేం. తెలిసిన చోటు తన పద్ధతి తప్పితేనే గుబులు.

కాబట్టి ముందు ఆ చోటు పద్ధతేమిటో రాసుకోండి. పాలమూరు పల్లెలో వలసపోయిన ఇల్లే తీసుకుందాం. ఇంటివాళ్లు బొంబాయిలో ఉన్నారు. దర్వాజకు తాళం, కడప మీద దుమ్ము, ముందర పల్లేరు. పక్కిళ్ల ముందు పొద్దున్నే పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేస్తారు, దీని ముందు ఎవరూ వేయరు. ఈ తేడాను ఏ ప్రాముఖ్యమూ లేనట్టు రెండుసార్లు చూపించండి. మూడోసారి తాళం అలాగే ఉంటుంది, వాకిలి మాత్రం తడిగా ఉంటుంది. ఎవరు చల్లారో వెంటనే చెప్పొద్దు, కనీసం ఒక సీనైనా గడవనివ్వండి. ముందు చూపకపోతే అది ఉత్త తడి వాకిలే. ఐదుసార్లు చూపిస్తే ముందే పసిగడతారు. దానికి తోడు కుక్క ఏడుపు, కొట్టుకునే కిటికీ, నల్లపిల్లి చేర్చారో, ఆ తడిని ఎవరూ పట్టించుకోరు.

కొల్లాపూర్ వైపు కథైతే పద్ధతి నీళ్లది. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు మునిగిన ఊళ్ల ఆనవాళ్లు తేలతాయి. బురదలో బయటపడ్డ పాత పొయ్యి ఎవరినీ భయపెట్టదు. అందులో బూడిద వెచ్చగా తగలాలి.

చోటు పటం కూడా పగలే తెలియాలి. బాయి నుంచి కొట్టానికి ఎంత దూరం, వీధిలైటు వెలుతురు ఎక్కడిదాకా, పరుగెత్తితే దారెటు? వీటిని చీకట్లో మొదటిసారి చూపిస్తే గందరగోళమే మిగులుతుంది. పొలంలో స్టార్టర్ డబ్బా మంచి చోటే, కాకపోతే కథ ఏ ఏడాదిదో చూసుకోండి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. మోటారు నడిచే త్రీఫేజ్ కరెంటు వచ్చిందని రైతు అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఒక్కడే మోటారు వేయడానికి పోవడం అంతకుముందు కథల్లో నప్పుతుంది. ఇప్పటి కథలో అయితే పల్లిచేను మీద అడవిపందులు పడ్డాయని పంపండి.

ఆ పొలంలోనే చప్పుడు సంగతీ తేల్చుకోవచ్చు. బోరు నీళ్లు తొట్టిలో పడే సద్దును సీనంతా నడిపించి, ఒక్కసారిగా ఆపండి. చెవి దాన్ని వెతుక్కుంటుంది. ఎడిటింగులో మాత్రం ధ్వనిని పూర్తిగా సున్నా చేయొద్దు, స్పీకరు చెడిందనుకుంటారు. షూటింగు రోజే అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఆగిన సద్దు స్థానంలో దాన్నే పరవాలి.

రాత్రి సీన్లలో బయటి షాట్లు పొద్దుగూకిన తర్వాత పది, ఇరవై నిమిషాల్లో తీస్తే మేలు. ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండడంతో రాచకొండ, దేవరకొండ గుట్టల బండలు కూర్చున్న మనుషుల్లా కనబడతాయి. పూర్తిగా చీకటి పడ్డాక ఆ అంచులు పోతాయి, లైట్లు వేస్తే బండ బండలాగే ఉంటుంది. సమయం తక్కువ కాబట్టి రిహార్సల్ ఎండలోనే ముగించుకోండి. డ్రోన్ ఎంత అందుబాటులో ఉన్నా సంచిలోనే ఉంచండి. పైనుంచి ఊరంతా కనబడితే, మూల తిరిగాక ఏముందో చూసేవాడికి ముందే తెలిసిపోతుంది.